సుగుణ నర్సమ్మ గారు అడిగిన మాట

ఈ ఉదయం మా మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగేవాళ్ళు వచ్చారు. కింద, ఏలూరులో పదేళ్ళుగా నేను నడుపుతున్న కుట్టు దుకాణం. పైన వాళ్ళు బ్లీచింగు చల్లి తోముతుంటే ఆ ఘాటు మెట్ల మీదుగా దిగి వచ్చి నా గొంతులో కూర్చుంది. కత్తెర పక్కన పెట్టి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఇరవై ఏళ్ళు దాటినా ఈ వాసన నన్ను వదిలిపెట్టదు. చేజేతులా మా అమ్మకు నేను చేసిన అపకారం ఇందులో ఉంది. ఆ అపకారాన్ని ఆపిన మనిషి కూడా ఈ వాసనతోనే గుర్తొస్తారు. ఆవిడ పేరు సుగుణ. ఊరంతా నర్సమ్మ గారు అనేవాళ్ళం.

మాది ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున ఉన్న ఊరు. నా చిన్నతనంలో ఇంటి చుట్టూ వరిచేలే. నేను పదో తరగతి పాసయ్యేసరికి చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. నాట్లూ లేవు, కోతలూ లేవు. దాంతో ఆడవాళ్ళం రొయ్యల షెడ్డులో పనికి కుదిరాం. అమ్మా నేనూ పక్కపక్కన నిలబడి రొయ్యల తలలు తీసేవాళ్ళం. రోజంతా ఐసు నీళ్ళు, తడిసిన లంగాలు. బాత్రూముకి వెళ్తే మేస్త్రి ముఖం మాడ్చుకుంటాడని మంచినీళ్ళు తాగడమే మానేశాం. లోపలికి వెళ్ళే గుమ్మం దగ్గర క్లోరిన్ కలిపిన నీళ్ళ తొట్టి ఉండేది. అందులో కాళ్ళు ముంచి, చేతులు కడుక్కుని వెళ్ళాలి. ఆ నీళ్ళలో ఏ క్రిమీ బతకదని సూపర్‌వైజరు రోజూ చెప్పేవాడు. ఆ మాట నా బుర్రలో నాటుకుపోయింది.

అమ్మకు ఎన్నాళ్ళనుంచో దురద. ముట్లు ఆగిపోయాక మరీ ఎక్కువైంది. "వేడి చేసిందే" అని మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగేది. పెరట్లో తడికెల చాటున స్నానం చేస్తూ ఒకరోజు పంటి బిగువున మూలగడం విన్నాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునే వయసు. మర్నాడు షెడ్డు నుంచి ఒక సీసా నిండా ఆ క్లోరిన్ నీళ్ళు పట్టుకొచ్చాను. "దీంతో కడుక్కో అమ్మా, క్రిములన్నీ చస్తాయి" అన్నాను. అమ్మ నమ్మింది. ఒళ్ళు మండిపోతుంటే, మందు గనక మండుతోందనుకుంది. మూడు నెలల పాటు వారం వారం ఆ సీసా నేనే నింపి తెచ్చాను. ఎంత తెలివితక్కువ దాన్నో!

నర్సమ్మ గారు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు, తాడేపల్లిగూడెం నుంచి రోజూ వచ్చి వెళ్ళేవారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు, గొంతెత్తితే మాత్రం షెడ్డు దద్దరిల్లేది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ మా మధ్యకు వచ్చి నిలబడి, "కంటికి కన్నని పేరుంది, ముక్కుకి ముక్కని పేరుంది. దీనికీ పేరుంది. యోని. సిగ్గుపడకుండా ఒకసారి అనండమ్మా" అన్నారు. అందరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. "ఏవండీ, ఆ మాటలేంటండీ, మగాళ్ళు వింటారు" అంది ఒక పెద్దావిడ. "విననివ్వండి. వాళ్ళు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారా?" అన్నారు నర్సమ్మ గారు. తర్వాత ఒక్కొక్కటే చెప్పారు. లోపలి భాగం తన్ను తానే శుభ్రం చేసుకుంటుంది, దాని జోలికి వెళ్ళకండి. బయటి చర్మానికి మామూలు నీళ్ళు చాలు. సెంటు సబ్బులూ, పౌడర్లూ, పుళ్ళు కడిగే మందులూ వద్దు. దొడ్డికి వెళ్ళాక ముందు నుంచి వెనక్కే కడుక్కోండి. పొడి లంగా ఒకటి సంచీలో తెచ్చుకుని, పనవగానే మార్చుకోండి. తెల్లబట్ట కొద్దిగా అందరికీ అవుతుంది, అది జబ్బు కాదు. రంగు మారినా, కంపు కొట్టినా, దురద తగ్గకపోయినా, పుండు లేచినా దాచుకోకుండా చెప్పండి.

"నాకు అక్కడ కొంచెం…" అని ఒకామె నసిగింది. "అక్కడంటే ఎక్కడమ్మా? ఆకివీడా, ఏలూరా?" అన్నారు నర్సమ్మ గారు. షెడ్డంతా పగలబడి నవ్వింది, అడిగినామె కూడా నవ్వింది. అమ్మ నవ్వలేదు. అందరూ కింద కూర్చుని తింటుంటే తానొక్కతే గోడకు ఆనుకుని, నిలబడి అన్నం తింటోంది. నర్సమ్మ గారు అమ్మ వైపు ఒకసారి చూశారు.

రెండు రోజుల తర్వాత ఆదివారం మా ఇంటికి వచ్చారు. పెరట్లో దండెం మీద మా లోబట్టలు, ఎవరి కంటా పడకుండా, ఎప్పటిలాగే పాత చీర కింద ఆరుతున్నాయి. మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. ఆవిడ ఆ చీర తీసి పక్కన వేసి, తడి బట్టల్ని ఎండకు తిప్పారు. "ఎండకి సిగ్గు లేదమ్మా, మనకే" అన్నారు. అప్పుడు తడికె పక్కనున్న సీసా ఆవిడ కంటబడింది. మూత తీసి వాసన చూశారు. ముఖం మారిపోయింది.

"ఇదేంటి?"

అమ్మ నా వైపు చూసింది. నేనే తెచ్చానని, ఎందుకు తెచ్చానో చెప్పాను. చెంప పగలగొడతారనుకున్నాను. ఆవిడ అరుగు మీద కూలబడి, "రొయ్యకి పొట్టుంటుంది తల్లీ. అమ్మకి ఏముంది? పెదవి లాంటి చర్మం. ఈ నీళ్ళతో నువ్వు నీ పెదాలు కడుక్కుంటావా?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఒకసారి చూడనివ్వండి" అని అమ్మను అడిగారు. అమ్మ ససేమిరా అంది. "ముగ్గురు పిల్లల్ని కన్నానండీ. ఆయన కూడా చూసి ఎరగరు. నాకేం లేదు, వేడి, అంతే." నర్సమ్మ గారు సీసాకి మూత బిగించి పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు: "మా అత్తగారూ వేడి అనే అన్నారమ్మా. ఒకే ఇంట్లో పదేళ్ళున్నాం. ఊరూరా తిరిగి అందర్నీ అడిగేదాన్ని నేను. ఆవిడ సరిగ్గా కూర్చోలేకపోవడం చూసి మోకాళ్ళ నొప్పులనుకున్నాను. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తెలిసేసరికి చేయడానికేం మిగల్లేదు. మిమ్మల్ని మొన్న నిలబడి తింటుంటే చూశాను. ఇంటికి వెళ్ళాక ముద్ద దిగలేదు నాకు."

అమ్మ లేచి లోపలికి నడిచింది. ఆవిడ చేతులు కడుక్కుని, బొట్టుపెట్టెలోని అద్దం ఇమ్మని నన్ను అడిగి తీసుకుని, వెనకే వెళ్ళారు. నేను తలుపు బయట నిలబడ్డాను. "మీరూ చూసుకోండి. మీ ఒళ్ళే" అన్న మాట వినిపించింది. చాలాసేపటికి అమ్మ గొంతు, చిన్నపిల్ల గొంతులా: "ఇలా తెల్లగా పాలిపోయిందేంటండీ?"

"దురద అందుకేనమ్మా. క్రిముల వల్ల అనిపించడం లేదు, చర్మానికొచ్చే జబ్బులా ఉంది. కానీ పక్కన ఈ పుండు నాకు నచ్చలేదు. పెద్ద డాక్టరు చూడాలి."

సెలవు పెట్టి ఆవిడే మమ్మల్ని ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు మళ్ళీ ముగ్గురం ఏలూరు వచ్చాం. నర్సమ్మ గారి అనుమానం నిజమే. తెల్లమచ్చలు చర్మ జబ్బు, పూత మందు ఎప్పటికీ రాసుకోవాలి. పుండులో మాత్రం కాన్సరు అప్పుడే మొదలైంది. సమయానికి వచ్చారు, కోసి తీసేస్తే సరిపోతుందన్నారు డాక్టరమ్మ. తిరుగు బస్సులో నేను భయపడుతూనే అడిగాను: "నా నీళ్ళ వల్లే వచ్చిందాండీ?" ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ నీళ్ళ వల్ల రాలేదు. కానీ మంట పెంచావు, మూడు నెలలు ఆలస్యం చేశావు. నీకు అబద్ధం చెప్పను. బాధపడితే పడు, ఊరికే మాత్రం పడకు. నలుగురికీ చెప్పు." లేదమ్మా, నీ తప్పేం లేదు అని ఉంటే ఆ క్షణానికి ఊరట కలిగేదేమో గానీ, ఆ మాట నేను నమ్మేదాన్ని కాదు.

అమ్మకు ఆపరేషనై, ఆ కోత మానింది. నెలకోసారి అద్దంలో చూసుకోవాలని ఆవిడ పెట్టిన నియమం అమ్మ ఇప్పటికీ తప్పలేదు. ఒకటో తారీకున ఫోను చేసి, "చూసుకున్నానే, బాగానే ఉంది" అని పెట్టేస్తుంది. ఆ భాగం పేరు మాత్రం చాలా ఏళ్ళు ఆమె నోట రాలేదు.

పోయిన ఏడు నర్సమ్మ గారు కాలం చేశారు. తాడేపల్లిగూడెంలో పెద్దకార్యానికి అమ్మను తీసుకుని వెళ్ళాను. పంక్తిలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ ఉన్నారు. వడ్డన సాగుతోంది. ఆవిడ పెద్దకొడుకు మా ముందు ఆగి, "అమ్మగారూ, మిమ్మల్ని గుర్తుపట్టలేదండీ. మా అమ్మకి ఏమవుతారు?" అని మర్యాదగా అడిగాడు. ఏదో ఒకటి చెప్పబోయాను. అమ్మ నా మోచెయ్యి నొక్కి ఆపింది.

"చుట్టరికమేం లేదు బాబూ. నాకు యోని మీద పుండు లేచింది. కాన్సరు. మొగుడికి చెప్పలేదు, కన్నకూతురికి చూపించలేదు. మీ అమ్మగారు మా ఇంటికొచ్చి అడిగి మరీ చూశారు. అందుకే ఇవాళ ఈ విస్తరి ముందు కూర్చున్నాను."

వడ్డించే గరిటెలు ఆగిపోయాయి. ఆ అబ్బాయి తల వంచుకుని, కళ్ళు తుడుచుకుని, అమ్మ విస్తరిలో మరో బూరె వేశాడు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళాం. ఎవరో నడివయసు ఆవిడ మా వెనకే వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏవండీ, ఒక్క మాట. నాకు అక్కడ కొంచెం…" అంది.

అమ్మ చేతులు కొంగుతో తుడుచుకుంటూ ఆవిడ ముఖంలోకి చూసింది.

"అక్కడంటే ఎక్కడమ్మా? ఆకివీడా, ఏలూరా?"

ఆవిడ ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వేసింది. ఆ నవ్వులోనే కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. అమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, బావి పక్కన నీడలోకి తీసుకెళ్ళింది.

ట్యాంకు కడగడం అయిపోయినట్టుంది. ఘాటు తగ్గింది. లోపల కొలతలకు వచ్చిన ఒకామె తెర వెనక నిలబడి ఉంది. ఇందాకటి నుంచి కుర్చీలో కూర్చోమంటే కూర్చోవడం లేదు. లోపలికి వెళ్ళాలి. అడగాలి.