మూత మీద కూర్చున్న కస్తూరి గారు

కస్తూరి గారు ఇక లేరన్న వార్త వేలూరు బస్సులో ఉండగా ఫోనులో తెలిసింది. "అక్క పోయినాది నాయనా. ఆసుపత్రికి పొయ్యేలోపలే గుండె నిలిచిపోయినాది" అన్నాడు ఆమె తమ్ముడు. ఆమెకు యాభై దాటి ఎన్నాళ్లో కాలేదు. నాకు వృత్తి నేర్పిన మనిషి ఆవిడ. శోకం వెంటే కోపమూ రగిలింది. అదింకా చల్లారలేదు గనుక ఈ నివాళిలో సౌమ్యత కొరవడితే పాఠకులు మన్నించాలి.

తమిళనాడులో గుడియాత్తం పక్కన ఒక టానరీలో ఆమె భద్రతాధికారి. తోళ్లు శుద్ధిచేసే ఆ చోట పనివాళ్ల ప్రాణాలకూ అవయవాలకూ హాని కలగకుండా చూడటం ఆమె విధి. అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసిన తల్లి కడుపున పుట్టి, వేలూరులో ఇంజనీరింగు చదివారు. తెలుగు గలగలా మాట్లాడేవారు గానీ లిపి రాదు. బతికుంటే ఈ వ్యాసాన్ని నేనే చదివి వినిపించవలసి వచ్చేది. ఆమె దగ్గర శిక్షణలో చేరిన కొత్తలో, ఈ ఉద్యోగమే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. ఏదో మహత్తర సంకల్పం వింటానని నా ఆశ.

"ఎంచుకునేది యాడుండాది నాయనా? వేరే పని దొరకలా. చేస్తా చేస్తా ఉంటే, నేను చెయ్యకుంటే ఇది ఎవురూ చెయ్యరని తెలిసినాది. సరి, ఇదే నా పని అనుకున్నా."

భద్రతా వారోత్సవాలంటే ఆమెకు వెగటు. "పోస్టరు అంటించేది పని కాదు. మూత ఎత్తి చూసేది పని" అనేవారు.

ఒకరోజు మురుగు తొట్టి గొట్టం పూడుకుపోయింది. విదేశానికి పోవలసిన సరుకు ఆగిపోతుందని మేనేజరు ఇద్దరు పనివాళ్లను తొట్టిలోకి దిగమన్నాడు. కస్తూరి గారు పరుగున వచ్చి, సగం తెరిచిన ఇనుప మూతను కాలితో మూసి, దానిమీద కూర్చున్నారు. దిగవలసినవాళ్లలో పెద్దవాడు, పేర్ణాంబట్టు దేవదాసు, చిన్నబుచ్చుకున్నాడు.

"మేము దిగేది కొత్తా మేడమ్మా? లెయ్యి."

"మీటరు వచ్చేదాకా లెయ్యను దేవదాసూ. నన్ను తిట్టుకో, పరవాలేదు."

గాలిలో విషాన్ని పసిగట్టే ఆ మీటరు తెచ్చి తొట్టిలోకి దించగానే అది కూతపెట్టింది. లోపల నిండా విషవాయువు. దేవదాసు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. సరుకు మాత్రం ఆలస్యమైంది.

ప్రతిఫలం త్వరలోనే దక్కింది. ఆమెను వేలూరు కార్యాలయానికి మార్చారు. అక్కడ కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, పని లేదు. ఇంత చదువూ ఇంత అనుభవమూ ఉన్న వ్యక్తిని పొద్దస్తమానం గోడకెదురుగా కూర్చోబెట్టడం ఎంతటి హింసో అనుభవించినవారికే తెలుసు. జరగని ప్రమాదానికి సాక్షులుండరు. ఆమె చేసిన మేలుకు రుజువేదని అడిగితే చూపడానికి శవం లేదు.

మరుసటి వేసవిలో శవమూ దొరికింది. అదే తొట్టిలో, అడ్డుపడేవారు లేక, దేవదాసు దిగాడు. పైకి ప్రాణంతో రాలేదు. కబురు తెలిసి ఆమె పేర్ణాంబట్టు బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. దేవదాసు భార్య గడప దగ్గరే ఆపింది.

"ఆ పొద్దు అడ్డం కూచుంటివి గదమ్మా. ఈ పొద్దు యాడికి పోయినావు?"

బదిలీ సంగతి చెప్పబోయాను. కస్తూరి గారు నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు నాయనా. ఆ తల్లికి మన కారణాలు ఎందుకు?" తిరుగు బస్సులో గుడియాత్తం చేరేదాకా కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

తనిఖీల భయంతో యాజమాన్యం ఆమెను వెనక్కి పిలిచింది. పోవద్దని బతిమాలాను. "నేను అలిగితే తొట్టికేమి నష్టం? దిగేవాళ్లకు గదా" అని మర్నాడే వెళ్లిపోయారు. చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. ఆమె ఉన్నన్నాళ్లు అక్కడ మరో మరణం లేదు. జబ్బుపడిన గుండెకు సెలవు అడిగితే మాత్రం, మీరు లేకుంటే ఎలాగన్నారు పైవాళ్లు.

సంతాపసభ ఘనంగా జరిగింది. మల్లెదండల వెనక ఆమె మొహం సరిగా కనిపించలేదు. మేనేజరు లేచి మైకు అందుకున్నాడు. "ఆమె స్థానాన్ని మరొకరు భర్తీ చేయలేరు" అన్నాడు. పదిమందీ తలలూపారు. వారం తిరక్కుండానే ఆ పదవి రద్దయింది. భద్రత బాధ్యతను సరుకు పంపే విభాగానికి అదనంగా అప్పగించారు.

ఉద్యోగాన్ని ధర్మంగా ఆచరించిన ఆ గురుమూర్తికి నా సాష్టాంగ నమస్కారం. ఆమె లేని లోటు తీరనిది. తీర్చే ఉద్దేశమూ ఎవరికీ లేదు.