రెండంగుళాల కౌన్సిలరు

మా ఆవిడ దర్జీ. నేను గుండీలు కుడతాను, ఇస్త్రీ చేస్తాను, చీవాట్లు తింటాను. బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లు కొలతలిస్తూ వీధి కష్టాలన్నీ వెళ్లబోసుకునేవాళ్లు. నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి ఈవిడ అడ్డు తగలకుండా వినేది. ఇంత ఓపికమంతురాలు ఇంకెక్కడా దొరకదనుకుని జనం కౌన్సిలరుగా గెలిపించారు. ఇంట్లో ఆ సూదులుండవు. ఆ సంగతి నన్నడగాలి.

గెలిచాకా పద్ధతి మారలేదు. దీపం వెలగలేదన్నా, కుళాయి రాలేదన్నా చీటీ రాసి గోడకు గుచ్చి, "శుక్రవారం రండి" అంటుంది. శుక్రవారానికి బట్టలు ఏనాడూ కాలేదు. ఫిర్యాదులు మాత్రం అయిపోతాయి.

ఒక్క చీటీ మిగిలిపోయింది, ఎదురింటి పంతులమ్మగారిది. మూతలేని మురిక్కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది గానీ భయం పోలేదు. ఆర్నెల్లుగా గడప దాటలేదు. "ఇంక వీధి ముఖం చూడనేమోనమ్మా" అని కిటికీలోంచి అన్నరోజు మా ఆవిడ అన్నం తినలేదు. నాకూ పెట్టలేదు.

కౌన్సిల్లో పోట్లాడి కాలవకు సిమెంటు పలకలు సాధించింది. మేస్త్రీని నమ్మక, వెడల్పు తన టేపుతో తనే కొలిచింది. చేతి అలవాటు ఊరుకుంటుందా? ప్రతి కొలతకూ కుట్టు లోపలికని రెండంగుళాలు కలుపుతుంది. కాలవకూ కలిపేసింది.

పలకలు దిగాక మేస్త్రీ పగలబడి నవ్వాడు. "కాలవ ఇరవై, పలక ఇరవై రెండు! కాలవేమన్నా లావెక్కుతుందా అమ్మా?"

ఆవిడ ముఖం మాడిపోయింది. పలకలు వెనక్కి పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

పక్కవీధికి మేస్త్రీ కొలత ప్రకారం సరిగ్గా కాలవంత పలకలే వచ్చాయి. ముందు అక్కడ వేశారు. మొదటిది దబ్బున కాలవలో పడింది. రెండోదీ దాని వెనకే వెళ్లింది. మావి అటో అంగుళం, ఇటో అంగుళం గట్టు పట్టుకుని కదలకుండా కూర్చున్నాయి. మేస్త్రీ తల గోక్కున్నాడు.

మర్నాడు పంతులమ్మగారు గడప దాటారు. పలక మీద ఒక కాలు పెట్టి, నొక్కి చూసి, రెండోది పెట్టారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. నేను ఏడ్చాను, దాచడమెందుకు. ఇస్త్రీపెట్టె కింద ఒకరి చొక్కా కూడా మాడిపోయింది.

పంతులమ్మగారు కొట్లోకొచ్చి సంచిలోంచి పాత జాకెట్టు తీశారు.

"కూర్చుని కూర్చుని లావైపోయానమ్మా. లోపల బట్ట ఉంచావా?"

"రెండంగుళాలు ఉంచానండి. శుక్రవారం రండి."

"నీ శుక్రవారాలు నాకు తెలీవా? అయినప్పుడే ఇద్దువుగాని. నేనింక రోజూ వస్తాగా."