షౌకీ ఉస్తాద్ బాణాలు

ఈజిప్టులో, దమన్‌హూర్ ఊళ్లోని మా ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే షౌకీ ఉస్తాద్ మంచివాడే, ప్రొజెక్టర్ వచ్చాక పాడైపోయాడు. అంతకుముందు ఆయన బోర్డు మీద గుండె బొమ్మ వేస్తే పిల్లలు కళ్లప్పగించి చూసేవారు. ఇప్పుడు కిటికీలకు దుప్పట్లు కట్టించి, పిల్లలకు వీపు చూపించి, తెర మీదున్నదంతా పొల్లుపోకుండా పైకి చదువుతాడు. ఒక్కో అక్షరం గిరికీలు కొడుతూ వచ్చి వాలేసరికి వెనక బెంచీలు నిద్రలోకి జారుకుంటాయి. పక్క గదిలో అరబ్బీ చెప్పే నాకు ఒళ్లు మండిపోయేది.

పాపం, తప్పంతా ఆయనదే కాదులెండి. ఈ ఏడు సీనియర్ టీచరు పదవి రాకపోతే కాలువ అవతలి బడికి బదిలీ. ఆ మోకాళ్ల నొప్పులతో రెండు బస్సులు మారాలి. పదవి రావాలంటే ఇన్‌స్పెక్టర్ ఇనాయత్ మేడమ్ ముందు స్లైడ్లతో, కాన్సెప్ట్ మ్యాపుతో పాఠం చెప్పాలి. మ్యాపు నమూనా ఆవిడ ఆఫీసే పంపింది. నాలుగు గళ్లు, మధ్యలో బాణాలు. ఎక్కడో విదేశంలో తయారైన సరుకు కాబట్టి బాణాలు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. అరబ్బీ మేం కుడి నుంచి రాస్తాం కదా, ఆ అలవాటు కొద్దీ షౌకీ కుడి చివర మొదలుపెట్టి నోరు, అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు అని ఎడమకి నింపుకుంటూ పోయాడు. బాణాల వంక చూస్తే ఒట్టు.

తనిఖీ రోజున మేడమ్ టీ తాగుతూ రంగులు బాగున్నాయని తలూపింది. తర్వాత ముందు వరసలోని నర్మీన్‌ని లేపి, మనం తిన్న రొట్టె ఎటు పోతుందో చెప్పమంది. ఆ పిల్ల తెరకేసి చూసి బాణాల వెంట నడిచింది. రొట్టె పేగుల్లో బయలుదేరి, జీర్ణాశయం మీదుగా పైకెక్కి, నోట్లోకి చేరుతుందని చక్కగా అప్పజెప్పింది. షౌకీ అప్పుడు చూశాడు బాణాల వంక.

మేడమ్ కాగితం మీద "అత్యుత్తమం" అని రాసి లేచింది.

షౌకీ వరండాలో ఆవిడ వెంటపడ్డాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను, దాచడమెందుకు. బాణాలు తిరగబడ్డాయని, వెంటనే సరిచేస్తానని ఆయన బతిమాలాడు.

"మీరు సరిచేస్తే నా ఆఫీసు నమూనా తప్పని నేను పైవాళ్లకి రాసుకోవాలి ఉస్తాద్," అంది మేడమ్ నెమ్మదిగా. "మీకు పదవి కావాలా, బాణం కావాలా?"

ఆయన మ్యాపు కింద సంతకం పెట్టాడు. పదవి వచ్చింది. ఆ మ్యాపు షౌకీ సంతకంతో జిల్లాలోని బడులన్నిటికీ ఆదర్శమై వెళ్లింది. పరీక్ష జవాబులు కూడా దాన్నిబట్టే తయారు చేశారు. స్టాఫ్ రూములో అందరికీ షర్బత్ పంచారు. నా గ్లాసు అలాగే వదిలేసి క్లాసుకి పోయాను.

పరీక్షల ముందు నర్మీన్ లేచి నిలబడింది. "ఉస్తాద్, రొట్టె నోట్లోంచే లోపలికి పోతుందని మా అమ్మ అంటోంది. ఏది రాయమంటారు?"

షౌకీ ప్రొజెక్టర్ ఆపేశాడు.

"పరీక్షలో బాణం చెప్పినట్టే రాయమ్మా. రొట్టె మాత్రం నోటితోనే తిను."

ఆయన ఏది చెబితే అది రాసుకోవడమే ఆ క్లాసుకి అలవాటు. పిల్లలంతా తలలు వంచి ఆ రెండు ముక్కలూ రాసేసుకున్నారు.