గిన్నె అడుగున వదిలిన జావ

నా చిన్నప్పుడు మేం సారపాకలో కాగితం మిల్లు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. హైదరాబాదులో చదువుకుని వచ్చిన పక్కింటి అక్క ఒక వేసవిలో నాకు చెంచా, ఫోర్కు పట్టుకోవడం నేర్పింది. చప్పుడు చెయ్యకూడదు, జుర్రకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చివర కాస్త వదిలెయ్యాలి, లేకపోతే తిండికి మొహం వాచినవాళ్ళనుకుంటారు అని చెప్పింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను పప్పన్నం కూడా ఫోర్కుతో తిని అమ్మచేత తిట్లు తిన్నాను.

ఆ సెలవుల్లోనే మా నాన్న వెదురు కొట్టేవాళ్ళతో పనుండి, దుమ్ముగూడెం అవతల అడవిలోని ఒక ఊరికి వెళ్తూ నన్నూ వెంట తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం ఎండకు నాకు కళ్ళు తిరుగుతుంటే, ఆ కూలీల్లో ఒకతని తల్లి మమ్మల్ని ఇంట్లోకి పిలిచింది. బాగా ముసలామె. కుండలోంచి జొన్నజావ తీసి రెండు గిన్నెల్లో పోసింది. పచ్చి ఆకు మడిచి, పుల్ల గుచ్చి, చెంచాలా చేసి నా చేతికిచ్చింది. ఆకు చెంచాతో చప్పుడన్నది లేకుండా తాగాను. అడుగున నాలుగు గుక్కలు మర్యాదగా వదిలేసి గిన్నె పక్కన పెట్టి, మెచ్చుకుంటాడేమోనని నాన్న వైపు చూశాను కూడా.

ముసలామె మొహం చిన్నబోయింది. నా గిన్నె ఎత్తి వాసన చూసింది.

"ఏంది బిడ్డా, పాడైందా? పొద్దుగాలనే కాసిన గద. ఆగు, వేరే పోస్త."

సొరబుర్ర గరిటె కుండలో తిప్పింది. గీరిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆమె గిన్నె ఇంకా గోడవారన బోర్లించే ఉంది, పొడిగా. మాకు పోసింది ఆమె పూట కూడు అని అప్పుడర్థమైంది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. మిగిలింది ఆమెకే ఇచ్చేద్దామా అంటే, అది నా ఎంగిలి.

"బాగనే ఉందవ్వా. పిల్ల నెమ్మదిగ తాగుతది, అంతే" అన్నాడు నాన్న.

ఆ మాట నిలబెట్టాలి కదా. గిన్నె మళ్ళీ అందుకుని, అక్క నేర్పినవన్నీ గాలికొదిలి, జుర్రుకుంటూ చివరి చుక్కదాకా తాగాను.

"అవ్, గట్ల తాగాలె" అని ఆమె బోసినోటితో నవ్వింది. "ఇగ నా కడుపు నిండింది."

ఫోర్కు పట్టుకోవడం నాకు తర్వాత కూడా పనికొచ్చింది, అక్కను తప్పుపట్టను. కానీ ఇప్పటికీ ఎవరింట భోజనానికి కూర్చున్నా, మొదటి ముద్దకు ముందు వండినవాళ్ళు తిన్నారా అని అడుగుతాను. తిన్నామంటే నమ్మను, లేచి వెళ్ళి గిన్నెల్లోకి తొంగిచూస్తాను. ఇదేం మర్యాద అత్తయ్యా అని మా కోడలు తల పట్టుకుంటుంది. పట్టుకోనీ. ఆ ముసలామె ఆ పూట ఏం తిన్నదో నాకు ఈనాటికీ తెలియదు.