ఇరవై సెకన్ల ఊపిరి

కోసిగికి చెందిన హనుమమ్మకు యాభై రెండేళ్లు. ఎడమ రొమ్ములోని క్యాన్సర్ గడ్డను శస్త్రచికిత్సతో తీసివేశాక, కర్నూలులోని ఒక ఆసుపత్రిలో రేడియేషన్‌కు ముందు ఆమెకొక సాధన నేర్పారు. ఛాతీ నిండా గాలి పీల్చి, ఇరవై సెకన్లు కదలకుండా నిలపాలి. అప్పుడు గుండె రొమ్ముకు కొంత దూరం జరుగుతుంది. దానికి కిరణాల తాకిడి తగ్గుతుంది. శనివారంలోగా కుదరకపోతే మామూలు శ్వాసతోనే చికిత్స మొదలుపెడతామని డాక్టరమ్మ చెప్పింది.

హనుమమ్మ పదకొండు సెకన్ల దగ్గరే ఆగిపోయేది. అందుకు కారణముంది. ఇరవై ఏళ్లుగా ఆమె గుంటూరు వైపు మిరపకోతకు వలస పోతోంది. ఘాటు లోపలికి పోకుండా మూతికి గుడ్డ కట్టుకుని పైపైనే ఊపిరి తీయడం అక్కడి కూలీల అలవాటు.

ఆమెకు ఒళ్లు మండించింది ఆ పదకొండు కాదు, శివకుమారి ఇరవై ఐదు. కోడుమూరు చేనేత కార్మికురాలు శివకుమారి అదే చికిత్సకు వచ్చి, మొదటిరోజే అంతసేపు నిలిపింది.

"నీడన మగ్గం ముందర కూసునే మనిషి. ఎండకు మాడినోళ్లం మేము. దేవుడు ఊపిరి కూడా దానికే ఇచ్చినాడు," అని హనుమమ్మ వరండాలో అందరికీ వినబడేలా అంది. ఈ నింద న్యాయమైనది కాదు. మగ్గం గుంటలోనూ నడుములు విరుగుతాయి.

శివకుమారి నవ్వింది. "నీకు నోరిచ్చినాడు గదక్కా. గాలంతా ఆ దోవనే పోతాండాది."

శుక్రవారం హనుమమ్మ ముప్పై నిలపాలని పంతం పట్టింది. భుజాలెత్తి, వీపు బల్ల మీది నుంచి లేచేంతగా పీల్చింది. ఎదుటి తెరపై ఆమె ఊపిరిగీత, ఉండాల్సిన హద్దు చూపే ఆకుపచ్చ పట్టీని దాటిపోయింది. టెక్నీషియన్ అరుణ్ కుమార్ మైకులో ఆపించాడు.

"ఎక్కువైనా మిషను ఆగిపోతాదమ్మా. ప్రతిసారీ ఒకే కొలత ఉండాల. ఇది పందెం కాదు."

శనివారం పొద్దున్నే ఆమె వెళ్లి శివకుమారి పక్కన కూర్చుంది.

"ఊపిరి ఎట్ల పడతావో చెప్పుమే. అడగాలంటే ఒళ్లు మండతాండాది. అయినా అడుగుతాండా."

"తెగిన పోగు అతికేటప్పుడు పడతామక్కా. ఊపిరి తగిలితే పోగు కదులుతాది. గట్టిగా బిగబడితే చెయ్యి వణుకుతాది." శివకుమారి ఆమె పక్కటెముకల మీద చెయ్యి ఆనించింది. "ఈడికి పీల్చు. భుజాలను వదిలెయ్."

మధ్యాహ్నం గీత పట్టీలోకి వచ్చి నిలిచింది. మూడుసార్లూ ఇరవై ఒకటి. డాక్టరమ్మ ఆ పద్ధతినే ఖాయం చేసింది.

బయటికొచ్చిన హనుమమ్మ నేరుగా శివకుమారి దగ్గరికి నడిచింది.

"నీకెంత వచ్చెనే ఈ పొద్దు?"

"ఇరవై నాలుగక్కా."

"ఒకటి తగ్గిందే!" అంటూ, సంతోషం దాచుకోకుండానే ఆమె పక్కన కూర్చుంది.