పాలపొడి పంపులు, పదిహేను రోజులు

ఇది ఒక దేశం అణుబాంబు తయారుచేయకుండా నేను అడ్డుపడిన కథ. రహస్యంగా వచ్చిపోయే మనుషులు, దొంగ వ్యాపారాలు, గుండెదడ, అన్నీ ఉన్నాయి. కాకపోతే అడ్డుపడడమంటే ఆపడం కాదు, పదిహేను రోజులు ఆలస్యం చేయడం. అది కూడా పూర్తిగా నేను చేసింది కాదు. గుండెదడ మాత్రం అచ్చంగా నాదే.

అప్పటికి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో వ్యాక్యూమ్ పంపులమ్మే ఒక చిన్న కంపెనీలో చేరి ఐదు నెలలైంది. ఆరో నెలాఖరుకి నన్ను పర్మనెంటు చేస్తారో, ఇంటికి పంపిస్తారో తేలాలి. నా పని ఫాలోఅప్. అంటే మాకు పంపులు బిగించి ఇచ్చే షెడ్డు మేస్త్రీకి రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి, ఎందాకా వచ్చిందన్నా అని అడగడం. ఇందుకోసమే నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాను.

ఒక సోమవారం మేనేజర్ తన గదిలోకి పిలిచారు. లోపల నలిగిన చొక్కాలో ఒకాయన బిస్కెట్ టీలో ముంచుకుంటున్నారు. ప్రభుత్వం తరఫున వచ్చానన్నారు. ఏ శాఖో చెప్పలేదు, బిస్కెట్ విరిగి టీలో పడ్డాక అడగడం బాగుండదని నేనూ ఊరుకున్నాను. గల్ఫ్ వ్యాపారి ఒకడు పాలపొడి ఫ్యాక్టరీకని మా దగ్గర ఎనిమిది పంపులు ఆర్డరిచ్చాడు. అవి గల్ఫ్‌లో ఆగవట. మనమంటే గిట్టని ఇంకో దేశానికి వెళ్ళి, యురేనియం శుద్ధిచేసే చోట తేలతాయట. ఎగుమతి ఆపమనే ఉత్తర్వు రావడానికి పదిహేను రోజులు పడుతుంది. ఈలోగా మేం కుదరదంటే వాడు ఇంకొకరి దగ్గర కొనుక్కుంటాడు. కాబట్టి కాదనకూడదు, పంపకూడదు, వాడికి అనుమానం రాకూడదు.

"ఆలస్యమే కదండీ, మాకు వదిలేయండి," అన్నారు మేనేజర్, తాతలనాటి విద్య గురించి చెబుతున్నట్టు. నిజమే, మా సరుకు ఏదీ నెల ఆలస్యం కాకుండా గడప దాటిన చరిత్ర లేదు.

నలిగిన చొక్కా ఆయన వెళ్ళాక మేనేజర్ నాకు చెప్పిన వ్యూహం ఒక్క ముక్క: మేస్త్రీకి ఫోన్ చేయకు. కారణం మాత్రం చెప్పకూడదు, ఎందుకంటే గల్ఫ్ వ్యాపారి ఏజెంటు రోజు విడిచి రోజు ఆ షెడ్డు ముందే టీ తాగుతాడు. ఇది సవ్యంగా జరిగితే నా ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెడతానన్నారు. జరగకపోతే ఏమిటో చెప్పకుండా టేబుల్ సర్దుకున్నారు.

ఏమీ చేయకపోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. మారతహళ్ళి పీజీ హాస్టల్లో ఇడ్లీ తింటూ కాలు ఊపేవాణ్ణి. కంపెనీ బస్సులో ఫోన్ తీసి, జేబులో పెట్టి, మళ్ళీ తీసేవాణ్ణి. పేపర్లో ఆ దేశం పేరు కనిపిస్తే అది నాకే ఉత్తరం రాసినట్టుండేది. దేశ భద్రత ముందు నా ఉద్యోగమెంత అని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మలేదు.

తొమ్మిదో రోజు ఉండబట్టక షెడ్డుకు వెళ్ళాను. ఎనిమిది పంపులూ బిగించి, పరీక్షించి, రంగు వేసి వరసగా పెట్టి ఉన్నాయి. రంగు ఆరిపోయింది కూడా.

మేస్త్రీవాళ్ళు మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు గానీ నవ్వలేదు.

"ఏమప్పా, ఎనిమిది దినాలు ఒక ఫోన్ లేదు. ఆర్డరు పక్క షెడ్డోడికి ఇచ్చేదానికి చూస్తా ఉండారా?"

"అలాంటిదేం లేదన్నా."

"మీరు సతాయిస్తా ఉంటే ఆర్డరు మన కాడ ఉండాదని లెక్క. ఫోన్ నిలిచిపోతే చెయ్యి జారినట్టే. అందుకే ఆదివారం గూడా పని చేస్తిమి. ఇంత తొందరగా వాడు ఇస్తాడా, చెప్పు చూద్దాం."

ఇన్నాళ్ళూ ఆ షెడ్డును నిదానంగా నడిపించింది నా ఫోన్లేనని అప్పుడర్థమైంది. మళ్ళీ ఒకసారి పరీక్షిద్దామా అన్నాను. మేస్త్రీ ఒక పంపు స్విచ్ వేసి, చెవి పెట్టి వినమని సైగ చేశాడు. చెవి పెట్టాను. మా కంపెనీ పెట్టినప్పటి నుంచీ అంత మెత్తగా ఏ పంపూ తిరిగి ఉండదు. ఏజెంటు అప్పటికే చూసి మురిసిపోయి, గురువారానికి లారీ చెప్పేశాడట. మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "నువ్వేమీ చేయలేదు కదా?" అన్నారు. లేదు సార్, మీరు చెప్పినట్టే ఏమీ చేయలేదు అన్నాను.

గురువారం పదింటికి లారీ వచ్చింది. సందు చివర నిలబడి, లారీ కింద పడుకోవడం మొదలు డ్రైవరుకు బిర్యానీ పెట్టించడం దాకా అన్ని మార్గాలూ ఆలోచించాను. ఒక్కదానికీ కాళ్ళు కదలలేదు. నాలుగింటికి లారీ ఖాళీగా వెళ్ళిపోయింది.

పదిహేనో రోజు ఉత్తర్వు వచ్చింది. నలిగిన చొక్కా ఆయన మేనేజర్‌కి ఫోన్ చేసి, ఇంత శుభ్రమైన పని తాను చూడలేదని, ఏజెంటుకు ఆఖరుదాకా అనుమానం రాలేదని మెచ్చుకున్నారట. మేనేజర్ సంతకం పెట్టి, ఎలా చేశావయ్యా అని అడిగారు. తలవంచుకుని నిలబడ్డాను. వినయమనుకున్నారు.

లారీ రావడానికి ముందురోజు మేస్త్రీ ఎనిమిది పంపులనూ రెండంతస్తులుగా ఒకే చెక్కపెట్టెలో, షెడ్డు లోపలే పెట్టి మేకులు కొట్టించాడు. విప్పి రెండు పెట్టెలు చేయడానికి పురుగు పట్టదని ఎగుమతి ముద్ర వేసిన చెక్క వారం దాకా దొరకలేదు. పెట్టె ఎత్తు ఏడడుగుల నాలుగంగుళాలు. షెడ్డు షట్టరు ఏడడుగులు.