ఒక గీత ఎక్కువ

నిన్న పొద్దున ఎవరో మా ప్రహరీగోడకు ఎన్నికల పోస్టరు అంటించి పోయారు. వాకిలి తీయగానే వాసన ముక్కుకు తగిలింది. మైదాపిండి ఉడికించిన బంక, అందులో పురుగు పట్టకుండా కాస్త మైలతుత్తం. పోస్టరులో చేతులు జోడించి నవ్వుతున్నాయన ఎవరో నేను పట్టించుకోలేదు. తిరుపతిలో ఈ ఇంటికి వచ్చి పదిహేనేళ్ళయింది, గోడ మీద ఎవరు నవ్వినా నాకొకటే. ఆ వాసనకు మాత్రం గడప మీదే కూర్చుండిపోయాను. కోడలు కాఫీ తెచ్చి, ఒళ్ళు బాగలేదా అత్తా అని అడిగింది. బాగానే ఉంది అన్నాను. ఒళ్ళు గురించి అడిగింది, ఒళ్ళు గురించే చెప్పాను. అడిగినదానికే బదులు చెప్పి ఊరుకోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. అలవాటు చేసింది మా ఊరి బడిలో బంక కాచే మునెప్పన్న.

బంగారుపాళ్యానికి నాలుగు మైళ్ళు లోపలికి, మామిడితోపుల మధ్య మా హైస్కూలు. ఆ బడికి మునెప్పన్న ఏమవుతాడో చెప్పడం అంత సులువు కాదు. గంట కొట్టేది, గదులు ఊడ్చేది, బావి నుంచి నీళ్ళు మోసేది, పటాలు చిరిగితే బంక కాచి అతికించేది అన్నీ ఆయనే. కాయల కాలంలో తోపుల్లోకి పారిపోయిన మమ్మల్ని వెతికి పట్టి తెచ్చేదీ ఆయనే. మేమంతా అటెండరు అనుకునేవాళ్ళం. కాగితం మీద ఆయన అటెండరు కాడు. సుద్దముక్కలూ చీపుర్లూ ఫినాయిలూ కొనే చిల్లర ఖర్చులోనే ఆయన కూలీ కూడా కలిసిపోయేది. ఆఫీసు భాషలో అలాంటివాళ్ళను కంటింజెంటు మనుషులంటారు. చీపురుకూ చీపురు పట్టిన చేతికీ ఒకే లెక్కన్నమాట. బడి పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు, వద్దంటే మరుసటి రోజు నుంచి రాకూడదు.

అయ్యవార్ల హాజరు పట్టీకి ప్రతి నెలా గీతలు గీసే పని కూడా ఆయన మీదే పడింది. అచ్చు పుస్తకాలు మా బడి దాకా వచ్చేవి కావు. తెల్లకాగితాలు కుట్టి, గుండ్రటి రూళ్ళకర్ర దొర్లిస్తూ వరసలు గీసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ కర్ర నా చేతికిచ్చి, కలం మీద బరువు వెయ్యకుండా గీత లాగడం నేర్పించాడు. నా చేతిరాత తర్వాత నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిందంటే దానికి మొదలు అక్కడే. పన్నెండు మంది అయ్యవార్లకు పన్నెండు వరసలు గీశాక, అడుగున ఇంకొకటి గీయమనేవాడు. ఇది ఎవరికన్నా అంటే, ఉండనీ, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది అనేవాడు. పొద్దున్నే ఆ పట్టీ గదిగదికీ తిప్పి సంతకాలు పెట్టించుకుని, సిరా ఆరేందుకు ఒక్కొక్క దాని మీదా అద్దుడు కాగితం అద్దేవాడు. చివర ఆ ఖాళీ వరస మీద కూడా ఒకసారి అద్దేవాడు. ఆడపిల్లలం చూసి నవ్వుకునేవాళ్ళం. ఎందుకు నవ్వామో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ సంవత్సరమే ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. మా తరగతిలో నన్ను లేపి, లెక్కల పుస్తకం ఎంతవరకు అయిందని అడిగాడు. సగం అయిందన్నాను. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. చదువుకున్న పిల్లనన్న మిడిసిపాటుతో, లెక్కల సారు వారానికి మూడు రోజులే వస్తారండీ అని కూడా చేర్చాను. సారు భార్యకు క్షయ అనీ, మిగతా రోజులు మదనపల్లె ఆసుపత్రి దగ్గర ఉంటాడనీ బడిలో పెద్దలందరికీ తెలుసు, నాకు తెలియదు. నెల తిరక్కుండా ఆయన్ని సత్యవేడు అవతలికి, అరవదేశం సరిహద్దుకు బదిలీ చేశారు. ఆసుపత్రికీ ఆయనకూ మధ్య జిల్లా అడ్డం పడింది. ఆమె ఆ వేసవి దాటలేదు.

పిల్లలు నాతో మాట్లాడడం మానేశారు. బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద బంక కలుపుతున్న మునెప్పన్న దగ్గరికి పోయి ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన తిట్టలేదు. గరిటె తిప్పుతూనే నెమ్మదిగా చెప్పాడు.

"ఆయప్ప ఏమడిగినాడు? పుస్తకం అడిగినాడు. పుస్తకం సంగతి చెప్పి కూసోవల్ల. అడిగినదానికే బదులు చెప్పల్ల అమ్మణ్ణీ. అడగనిది చెప్తే అది యాడికి పోయి ఎవురికి తగులుతాదో మనకు తెలీదు."

ఆ మాట నేను గుండెలో రాసుకున్నాను. దానివల్ల బాగుపడ్డాను కూడా. పదో తరగతి పాసై, టైపు నేర్చుకుని, సర్వీసు కమిషను పరీక్ష రాసి, చిత్తూరులో బళ్ళ వ్యవహారాలు చూసే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఎనభైల మొదటి సంవత్సరాలవి. అడిగినదానికి మించి నోరు తెరవని గుమాస్తా అంటే పై అధికారులకు ప్రాణం. నా సీటులో కాగితం నిలవదని పేరు తెచ్చుకున్నాను.

ఒక శనివారం మునెప్పన్న గోనెసంచిలో మామిడికాయలు వేసుకుని చిత్తూరు వచ్చాడు. మోకాళ్ళు అరిగిపోయి, ఆఫీసు మెట్లు చెయ్యి ఊతంగా ఎక్కాడు. కొత్త హెడ్మాస్టరు ఈ ముసలాయన ఎందుకు, ఒక కుర్రవాణ్ణి చూద్దామంటున్నాడట. ఈ లోపల ఉద్యోగం ఖాయమైతే సరి, లేకుంటే ఏదో ఒక పొద్దున రావద్దంటారు. మా ఎమ్మెల్యేకు అర్జీ పెట్టుకుంటే శాసనసభలో అడుగుతానని మాట ఇచ్చాడని, ఆ అర్జీ నేను రాయాలని వచ్చాడు. జీతం పెరగాలని కూడా ఆయన అడగలేదు.

"పేరు పట్టీలో ఎక్కితే సాలమ్మణ్ణీ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు గదా. ఈడ పూజారివి నువ్వే ఉండావు, నాకింకేం భయం."

బడిలో కూలికి చేసే మునెప్ప అని మొదలుపెట్టమన్నాడు. నాకు మనసొప్పలేదు. నాకు గీత గీయడం నేర్పిన మనిషిని నా చేత్తో కూలి అని ఎలా రాయను? ఆయన్ని గౌరవించాలని, అటెండర్లకు ఆఫీసులో వాడే మాటతో 'నాలుగో తరగతి ఉద్యోగి మునెప్ప' అని రాశాను. ఆయన లాంటి వాళ్ళందరికీ మేలు జరగాలని, జిల్లాలో ఖాయం కాని నాలుగో తరగతి ఉద్యోగుల గురించి సభలో అడగవలసిందిగా ప్రార్థన అని ముగించాను. చదివి వినిపిస్తే ఆ ఉద్యోగి అన్న మాట దగ్గర ఆపమని, మళ్ళీ ఒకసారి చదివించుకున్నాడు. మొహం ఎంత వెలిగిందో నాకు గుర్తుంది, మరిచిపోదామన్నా పోదు.

మూడు నెలలకు హైదరాబాదు నుంచి అత్యవసరమని ఎర్ర సిరాతో రాసిన కాగితం వచ్చింది. శాసనసభ ప్రశ్న, జవాబుకు కావలసిన సమాచారం ఆ సాయంత్రం మనిషి చేత పంపాలి. ఎమ్మెల్యే నా అర్జీలోని మాటలనే ఎత్తి ప్రశ్నగా వేశాడు. ఒకటో భాగం: జిల్లా ఉన్నత పాఠశాలల్లో పదేళ్ళకు పైగా పనిచేస్తూ ఖాయం కాని నాలుగో తరగతి ఉద్యోగులు ఉన్న మాట నిజమేనా? రెండో భాగం: అయితే ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి? ఆ కాగితం తిరిగి తిరిగి నా బల్ల మీదకే వచ్చింది.

రికార్డు తీసి చూశాను. జిల్లాలో నాలుగో తరగతి ఉద్యోగి అని పేరున్న ప్రతివాడూ ఖాయమైనవాడే. ఖాయం కాని వాళ్ళెవరూ రికార్డులో ఉద్యోగులే కారు, చీపుర్ల ఖర్చులో కలిసినవాళ్ళు. నేను కూలి అని రాసి ఉంటే ప్రశ్న వాళ్ళను పట్టుకునేది. నేనిచ్చిన గౌరవమే మునెప్పన్నను ఆ ప్రశ్నలోంచి బయటికి తోసింది. కింద ఒక్క వాక్యం చేరిస్తే చాలు: కంటింజెంటు మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవారు ఇంతమంది ఉన్నారు. కలం కాగితం మీద పెట్టాను. మా సూపరింటెండెంటు వెనక నిలబడి చూస్తున్నాడు. అడగనిది రాయకు, ఒక వాక్యం ఎక్కువైతే సభలో దానిమీద పది అనుబంధ ప్రశ్నలు లేస్తాయి, మంత్రిగారు తడబడితే ఆ నింద వచ్చి మన నెత్తిన పడుతుందని చెప్పాడు. ఆయన చెప్పకపోయినా బహుశా నేను రాసి ఉండేదాన్ని కాదు. లెక్కల సారు మొహం, బంక పొయ్యి దగ్గర విన్న మాట అప్పుడు గుర్తొచ్చాయి. అడిగినదానికే బదులు. ఒకటి, లేరు. రెండు, ఉత్పన్నం కాదు. నా రాత ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది.

ఆ ఏడే బడికి పాతికేళ్ళు నిండాయి. రజతోత్సవంలో మునెప్పన్నకు సన్మానం పెట్టారు, ముఖ్య అతిథి ఎమ్మెల్యే. నేను చిత్తూరు నుంచి బస్సులో పోయాను. రంగుకాగితాల తోరణాలకు బంక కాచింది, కుర్చీలు వేసింది మునెప్పన్నే. ఎమ్మెల్యే మూడు గంటలు ఆలస్యంగా వచ్చాడు. అంతసేపూ మునెప్పన్న వేదిక చివరి కుర్చీలో ఉతికిన పంచెతో బిగుసుకుని కూర్చున్నాడు. ఎవరో నీళ్ళు అడిగితే లేవబోయి, మళ్ళీ తనే సర్దుకుని కూర్చున్నాడు.

శాలువా కప్పాక ఎమ్మెల్యే జేబులోంచి కాగితం తీశాడు. ఈ మునెప్ప కోసం తాను సభలో ప్రశ్న వేశానని, ఆ రోజు కరువు మీద రెండు పక్షాలూ గొడవపడి ప్రశ్నల సమయమంతా అరుపుల్లోనే పోయిందని, తన ప్రశ్న వంతు రాకపోయినా జవాబును సభ ముందు పెట్టారని చెప్పాడు. ఆ జవాబును ఆయన అంతకు ముందు చదివినట్టు లేదు. మైకులో గట్టిగా చదివాడు. అలాంటి ఉద్యోగులు లేరు. కాబట్టి చర్యల ప్రశ్న ఉత్పన్నం కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చూశారా, మన ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పక తప్పలేదు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా కప్పిన మనిషిని ఎదురుగా పెట్టుకుని అలాంటి మనిషే లేడని చదివితే మా ఊరు చప్పట్లు కొట్టింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. వినేవాళ్ళలో నేనూ ఉన్నాను, రాసినదాన్నీ నేనే.

సభ అయిపోయాక మునెప్పన్న శాలువా మడిచి కిటికీలో పెట్టి, కుర్చీలు ముడుస్తున్నాడు. దగ్గరికి పోయాను. తలెత్తకుండా అడిగాడు.

"ఉత్పన్నం కాదంటే ఏమమ్మణ్ణీ?"

"ఆ మాటే లేవదని అన్నా."

"లేవదా." ఇంకో రెండు కుర్చీలు ముడిచాడు. "ఈ బదులు యాడ రాస్తారు? మీ ఆఫీసులోనా?"

"మా ఆఫీసులోనే."

ఎవరు రాశారని అడుగుతాడని నిలబడ్డాను. అడిగితే చెప్పేదాన్ని, కాళ్ళ మీద పడేదాన్ని కూడా. ఆయన అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. అదే నా చదువు.

"సరిగ్గానే రాసినారులే. అడిగినదానికే రాసినారు," అన్నాడు. "పొద్దు పోతా ఉండాది, బస్సు తప్పిపోతాది. పో తల్లీ."

చిత్తూరు పోయాక ఇంకో అర్జీ రాసి సూపరింటెండెంటుకు చూపించాను. సభలో ఒకసారి లేరని చెప్పినవాళ్ళు మళ్ళీ ఎలా ఉంటారమ్మా అని కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఇంకా పైవాళ్ళ దగ్గరికి తీసుకుపోయే ధైర్యం నాకు లేకపోయింది. ఆ జూనులో బడికి కొత్త కుర్రవాడు వచ్చాడు. మునెప్పన్న కొన్నాళ్ళు గంట వేళకు గేటు బయట నిలబడి పోయేవాడట. మళ్ళీ మామిడి పూత వచ్చేలోగా చనిపోయాడు. ఆ రోజు బడికి సెలవివ్వలేదు. సెలవివ్వాలంటే సిబ్బందిలో ఒకరు పోయి ఉండాలి.

మరుసటి ఏడు తనిఖీకి అధికారి వెంట గుమాస్తాగా అదే బడికి పోయాను. హాజరు పట్టీలు నా ముందు పెట్టారు. అయ్యవార్లు అప్పటికి పదిహేను మంది. పాత నెలలు తిరగేశాను. ప్రతి పేజీలోనూ పదిహేను పేర్ల కింద పేరు లేని వరస, దానిమీద అద్దుడు కాగితం వదిలిన నీలి మరక. ఆ వరస రజతోత్సవం జరిగిన నెల దాకా ఉంది. దాని తర్వాతి నెల గీతలు కూడా ఆయన చేతివే, నాకు తెలుసు, అంత తిన్నగా ఇంకెవరూ గీయలేరు. పదిహేను మందికి పదిహేనే వరసలు. కింద ఖాళీ కాగితం. తనిఖీ అధికారి పట్టీ సరిగా ఉందా అని అడిగాడు. ఉందండీ అన్నాను.

పాతికేళ్ళు ఆయన నెలనెలా ఒక గీత ఎక్కువ గీశాడు. నేను ఒక్క పూట ఒక వాక్యం ఎక్కువ రాయలేకపోయాను. పింఛను పుచ్చుకుంటూ, కోడలు పెట్టిన అన్నం తింటూ బాగానే ఉన్నాను. గోడ మీది బంక ఎండిపోయింది, వాసన కూడా పోయింది. ఇప్పుడు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఆ ఒకటో భాగానికి జవాబు మార్చి రాస్తున్నాను. ఉండినాడు. బంగారుపాళ్యం దగ్గర మా ఊరి బడిలో పాతికేళ్ళు ఉండినాడు. పేరు మునెప్ప.